మా అమ్మాయి కోసం పోనీని వెతికిన పదమూడు నెలలు: నా అనుభవం

2024 జూన్ నుంచి 2025 జూలై వరకు, మా అమ్మాయి స్వారీ చేయడానికి తగిన ఒక పొట్టి గుర్రం కోసం విజయనగరం నుంచి బయలుదేరి చాలా దూరం తిరిగాను, చాలామందిని అడిగాను, కొంత డబ్బు పోగొట్టుకున్నాను. మన జిల్లాలోనూ పక్కన శ్రీకాకుళంలోనూ పిల్లలకు స్వారీ నేర్పించాలని ఆశపడే తల్లిదండ్రులు ఈమధ్య అక్కడక్కడ కనిపిస్తున్నారు. నా సంగతి విని ఫోను చేసిన వాళ్లందరూ మొదట అడిగేది ఒక్కటే, పోనీ ధర ఎంత ఉంటుందని. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కొనే ధర ఈ వ్యవహారంలో చిన్న భాగమని, అసలు చిక్కంతా తగిన జంతువు దొరకడంలోనూ దొరికిన దాన్ని సాకడంలోనూ ఉందని నాకు బోధపడటానికి ఏడాది పట్టింది కాబట్టి, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇంట్లో గుర్రం మాట కొత్తది కాదు. మా తాతగారు విజయనగరం రైల్వేస్టేషన్ నుంచి మూడు లాంతర్ల వరకు, గంటస్తంభం వరకు జట్కా తోలేవారు. ఆటోలు వచ్చాక ఆ బండి మూలపడింది, గుర్రాన్ని అమ్మేశారు, నేను పుట్టేనాటికి ఇంట్లో మిగిలినవి ఒక కళ్లెం, రెండు తోలు గంతలు మాత్రమే. ఆ గంతలను చేతుల్లో పెట్టుకుని మా అమ్మ చెప్పే కథలు మా అమ్మాయి చిన్నప్పటి నుంచి వింటూ వచ్చింది. దానికి తోడు, 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (గుర్రం చేత లయగా కదలికలు చేయించే స్వారీ పోటీ) జట్టు స్వర్ణం గెలిచినప్పుడు, గుర్రపుస్వారీలో మన దేశానికి 1982 ఢిల్లీ క్రీడల తరువాత మళ్లీ బంగారు పతకం రావడం అదేనని టీవీలో పదేపదే చెప్పారు. ఆ నలుగురి జట్టులో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ అనే ఇద్దరు అమ్మాయిలు ఉండటం మా పిల్ల మనసులో బలంగా నాటుకుంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు.

కాబట్టి మొదట విశాఖపట్నంలో ఒక స్వారీ శిక్షణ కేంద్రంలో చేర్పించాను. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ప్రతి ఆదివారం తెల్లవారుజామున రైలెక్కి వెళ్లి, ముప్పావు గంట పాఠానికి 600 రూపాయలు కట్టి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాళ్లం. ఆ ఖర్చును నేను భారంగా తలచలేదు. బాధపెట్టింది వేరే విషయం. అక్కడి గుర్రాలన్నీ పెద్దవాళ్ల కోసం ఉన్నవి. రికాబు, అంటే పాదం పెట్టుకునే ఇనుప వలయం, దాని తోలుపట్టీని చిట్టచివరి రంధ్రానికి బిగించినా మా అమ్మాయి పాదం అందేది కాదు. పట్టీని జీను మీదుగా ఒక చుట్టు తిప్పి పొట్టి చేసేవారు. కాళ్లు గుర్రం డొక్కల దాకా వెళ్లక, జీను అంచుల మీదే అడ్డంగా చాచుకుని ఉండేవి. స్వారీలో గుర్రానికి కాలితో చెప్పవలసిన మాట ఒకటి ఉంటుంది, పొట్ట పక్కన మెత్తగా నొక్కితే అది ముందుకు కదలాలి. కాలే అందని పిల్ల ఆ మాట ఎలా చెబుతుంది? ఆరు నెలల తరువాత శిక్షకుడు నన్ను పక్కకు పిలిచి, "సార్, పాపకి భయం లేదు, బ్యాలెన్స్ బాగుంది, కానీ ఈ గుర్రాల మీద ఇంతకంటే నేర్పలేను, దీనికి పోనీ కావాలి" అన్నాడు. ఆ కేంద్రంలో పోనీ ఒక్కటే ఉంది, దాని కోసం అప్పటికే ఆరుగురు పిల్లలు వంతు కాచుకుని ఉన్నారు.

ఇక్కడ పోనీ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే నేను కూడా మొదట గుర్రప్పిల్లనే పోనీ అంటారనుకున్నాను, నన్ను అడిగిన వాళ్లలో సగం మంది అలాగే అనుకుంటున్నారు. పోనీ పిల్ల కాదు. పెరిగి పెద్దదైనా పొట్టిగానే ఉండే జాతి గుర్రం. మా అమ్మ దీన్నే తట్టు గుర్రం అనేది. గుర్రం ఎత్తును హ్యాండ్ అనే కొలతలో చెబుతారు, ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు. మెడ ముగిసి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా ఉండే మూపు దగ్గర కొలుస్తారు గానీ తల దగ్గర కాదు. సాధారణంగా 14 హ్యాండ్ల 2 అంగుళాలు, అంటే సుమారు 147 సెంటీమీటర్లు, అంతకు లోపు ఉన్నదాన్ని పోనీ అంటారు. మా అమ్మాయి ఎత్తుకు 12 హ్యాండ్లు, అటూ ఇటూగా, సరిపోతుందని శిక్షకుడు చెప్పాడు. బరువు లెక్క కూడా అతనే నేర్పాడు. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతుకు మించకూడదు. తూకం లేని చోట గుర్రం బరువు తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు చివర వరకు ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఆ రోజు నుంచి దర్జీ టేపు ఒకటి నా చొక్కా జేబులోనే ఉండేది.

వెతకడం మొదలుపెట్టాక తెలిసిన మొదటి సంగతి, మన ప్రాంతంలో గుర్రాలను పెంచి పిల్లలు పెట్టించే వాళ్లు లేరన్నది. మన దేశపు పొట్టి జాతులు మణిపురి, భూటియా, స్పితి, జాంస్కరి లాంటివి ఈశాన్యంలోనూ హిమాలయాల వైపునా ఉన్నాయి. మనకు కాస్త దగ్గరగా ఉన్నదంటే దక్కను పీఠభూమికి చెందిన భీమ్‌తడి జాతి, అదీ మహారాష్ట్ర వైపు. మార్వారీ, కాఠియావాడీ గుర్రాలకు పేరు ఎక్కువే గానీ అవి చిన్నపిల్లలకు పెద్దవైపోతాయి. పైగా దేశం మొత్తం మీదే గుర్రాలు తగ్గిపోతున్నాయి: 2012 పశుగణనలో గుర్రాలు, పోనీలు కలిపి ఆరు లక్షల పైచిలుకు ఉంటే 2019 నాటికి మూడు లక్షల నలభై వేలకు దిగాయి. బండ్లు పోయాయి, బరువులు మోయించే అవసరం పోయింది. పొట్టి గుర్రం ఎక్కువగా పేదవాడి పని జంతువు కాబట్టి, ఆ పని పోయిన చోట దాన్ని పెంచే కారణం కూడా పోయింది. స్వారీ కోసమని పొట్టి గుర్రాన్ని పెంచి, పిల్లలకు అలవాటు చేసి అమ్మే వృత్తి మన వైపు ఎప్పుడూ పుట్టనేలేదు.

మన వైపు కళ్లకు కనిపించే గుర్రాలు పెళ్లి ఊరేగింపులవి, విశాఖ బీచ్ రోడ్డులో పిల్లలను ఎక్కించి తిప్పేవి. నేను చూసిన మొదటిది పెళ్లిళ్లకు తిప్పే ఆడగుర్రం. పదమూడున్నర హ్యాండ్లు ఉంటుంది, తెల్లగా, శుభ్రంగా ఉంది, 70 వేలు చెప్పారు. యజమాని మంచివాడే, నా దగ్గర ఏదీ దాచలేదు. "మాస్టారూ, ఇది మనిసిని ఏటీ సెయ్యదు. కానీ డప్పు సప్పుడు ఇన్నాదంటే మాత్రం నిలబడదు, ఆడతాది. మేవే అలా నేర్పినాం," అన్నాడు. దాని నోట్లో ఉన్న కళ్లేన్ని బయటకు తీసి చూపించమన్నాను. నాలుక మీద ఆనే ఇనుప ముక్కకు లోపలి వైపు చిన్న చిన్న మొనలు ఉన్నాయి. జనం మధ్య గుర్రం అదుపు తప్పకుండా ఉండటానికి అలా పెడతారట. పెదవుల మూలల్లో చర్మం కాయకాచి, వెంట్రుకలు లేకుండా గట్టిపడి ఉంది. నేను అక్కడ వేలు పెడితే అది తల పైకి విసిరింది. విజయనగరంలో శ్రావణం వచ్చినా, సిరిమానోత్సవం వచ్చినా, ఏ వీధిలో ఎప్పుడు డప్పులు మోగుతాయో ఎవరు చెప్పగలరు? ఆ నోటితో, ఆ అలవాటుతో ఉన్న జంతువును తొమ్మిదేళ్ల పిల్ల చేతికి ఇవ్వడం ఇద్దరికీ అన్యాయమే అవుతుందని అనిపించి వచ్చేశాను.

రెండో అనుభవం చేదుది. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక అమ్మకందారు ఫోనులో వీడియోలు పంపాడు. పదకొండున్నర హ్యాండ్ల ఎర్రటి మగ పోనీ, వయసు ఆరేళ్లు, పిల్లలకు బాగా అలవాటైనది, ధర లక్షా ఇరవై వేలు. వీడియోలో ఒక చిన్నబ్బాయి దాని మీద కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు. వేరే వాళ్లు కూడా అడుగుతున్నారని అతను తొందరపెడితే 15 వేలు బయానా పంపించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వీడియోలో గుర్రం ఒక్క అడుగు కూడా వేయలేదు, తాడు పట్టుకున్న మనిషి చెయ్యి ఒకటి అంచున కనిపిస్తూనే ఉంది, అయినా ఆనాడు నేను పిల్లవాడి నవ్వునే చూశాను. అదృష్టవశాత్తు మా బంధువుల అబ్బాయి పశువైద్యం చదివి ప్రాక్టీసు చేస్తున్నాడు, అతన్ని వెంట తీసుకుని వెళ్లాను. అతను గుర్రం దగ్గరకు వెళ్లి, ఏమీ అడగకుండా, ఎడమచేతి బొటనవేలును నోటి మూలలో పళ్లు లేని ఖాళీ చోట పెట్టి, కుడిచేత్తో కింది పెదవిని వంచాడు. నన్ను వంగి చూడమన్నాడు. కింది వరసలో ముందు ఆరు పళ్లుంటాయి. మధ్య రెండూ వెడల్పుగా, కొంచెం పసుపు పచ్చగా, గీతలతో ఉన్నాయి. వాటికి ఇటూ అటూ ఉన్న నాలుగూ చిన్నవి, పాల మాదిరి తెల్లటివి, చిగురు దగ్గర సన్నబడి ఉన్నాయి. "మావయ్యా, ఇవి పాలపళ్లు. మధ్య జత రెండున్నరేళ్లకి మారుతుంది, పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి. దీనికి మధ్య జతే మారింది. మహా అయితే మూడేళ్లు," అన్నాడు.

మూడేళ్ల గుర్రానికి వెన్నెముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, దానికి ఐదారేళ్లు పడుతుంది. ఎముకల మాట అలా ఉంచినా, ఏమీ తెలియని గుర్రం, ఏమీ తెలియని పిల్ల ఒకదానితో ఒకటి జతపడటమంత ప్రమాదం స్వారీలో మరొకటి లేదని శిక్షకుడు ముందే హెచ్చరించాడు. పిల్లకు చేతగాని రోజున ఊరుకోగలిగే గుర్రం కావాలి, అంటే అది ఎన్నో ఏళ్లు ఎంతోమంది పిల్లలను మోసి ఉండాలి. పళ్ల సంగతి అడిగితే అమ్మకందారు మాట మార్చాడు. రక్తపరీక్ష కాగితం అడిగితే, గ్లాండర్స్‌కు టీకా వేయించేశామని, ఇక కాగితంతో పని లేదని అన్నాడు. మా బంధువుల అబ్బాయి అక్కడితో నా చెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చేశాడు, ఎందుకంటే గ్లాండర్స్‌కు అసలు టీకాయే లేదు. అది గుర్రం నుంచి మనిషికి కూడా సోకి ప్రాణం తీయగల జబ్బు. జబ్బు ఉన్నట్టు తేలిన గుర్రాన్ని చట్టప్రకారం చంపి పూడ్చవలసిందే. అందుకే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి గుర్రాన్ని తరలించేటప్పుడు ఆ పరీక్షలో జబ్బు లేదని తేలిన కాగితం, ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. మన దేశంలో ఈ జబ్బు మీద ప్రధానంగా పనిచేసేది హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. బయానా తిరిగి రాలేదు. పదిహేను వేలు పోయాయన్న బాధ కంటే, ఇంటి దగ్గర గడ్డి కోసి సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్న పిల్లకు ఏం చెప్పాలన్న బాధే ఆ ప్రయాణమంతా నన్ను తొలిచింది.

ఆ శీతాకాలంలో, సంతకే వెళ్లి చూద్దామని, విజయనగరంలో నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాందేడ్ వెళ్లాను. ఆ జిల్లాలోని మాళేగావ్‌లో ఖండోబా యాత్రకు పెద్ద పశువుల సంత జరుగుతుంది, గుర్రాలకు, గాడిదలకు అది పేరున్న చోటు. మన దక్షిణాదిలో తమిళనాడు ఈరోడ్ జిల్లా అంతియూర్ సంత కూడా అలాంటిదే. మాళేగావ్‌లో ముందు వరసల్లో పొడుగాటి మార్వారీ గుర్రాలు, మెడలో పూసలు, కాళ్లకు గజ్జెలు, లక్షల్లో ధరలు. నాకు కావలసిన పొట్టివి వెనక వరసల్లో, వంటపొయ్యిల పక్కన, గాడిదలకు దగ్గరగా కట్టేసి ఉన్నాయి. 35 వేల నుంచి 60 వేల వరకు చెప్పారు. టేపుతో ఏడెనిమిదింటిని కొలిచాను. ఎత్తు సరిపోయినవి ఉన్నాయి, బరువు సరిపోయినవి ఉన్నాయి, కానీ పిల్లను ఎక్కించుకుని నడిచిన గుర్రం ఏదని అడిగితే ఒక్కరూ ముందుకు రాలేదు. అవి బరువులు మోసినవి, బండి లాగినవి. వీపు మీద జీను తెలియదు, కాలి ఒత్తిడి తెలియదు. వాటికి నేర్పాలంటే తెలిసిన మనిషి చేతిలో ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, నెలకు పది పన్నెండు వేలు అవుతుంది. అక్కడి నుంచి ఇంటికి రోడ్డు మీద సుమారు 900 కిలోమీటర్లు, వాహనానికి 45 వేలు అడిగారు. గుర్రం ధర ఎంతో దాన్ని తేవడానికీ అంతే అన్నమాట. నిజంగా పిల్లలకు తర్ఫీదైన పోనీలు హైదరాబాద్, బెంగళూరు, పుణే శిక్షణ కేంద్రాల ద్వారా చేతులు మారుతుంటాయి గానీ, నేను అడిగిన చోటల్లా లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా చెప్పారు, అదీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేమన్నారు.

ఉత్త చేతులతో తిరిగి వచ్చిన రోజు రాత్రి మా అమ్మ నన్ను కూర్చోబెట్టి ఒక మాట అడిగింది. "మీ తాత గుర్రానికి పెట్టినాకే మాకు పెట్టీవోడు. తెత్తావు సరే బాబూ, దానికేటి ఎడతావు?" అంది. నిజానికి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎండుగడ్డి, తవుడు, సూపర్ నేపియర్ గడ్డి, పశువులకు ఏది పెడతామో అదే పెట్టవచ్చుననుకున్నాను. మరునాడు గరివిడి పశువైద్య కళాశాలలో చదువుకున్న ఒక యువ వైద్యురాలిని కలిశాను. ఆవిడ గంటసేపు ఓపికగా చెప్పిన సంగతులు నా లెక్కలన్నిటినీ తారుమారు చేశాయి. గుర్రం ఆవులా నెమరువేయదు, దానికి వాంతి కాదు. మింగింది ముందుకు పోవలసిందే, పోకుండా అడ్డుపడితే కోలిక్ అనే కడుపునొప్పి వచ్చి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముదురు వరిగడ్డినే కట్టలు కట్టలుగా వేసి, నీళ్లు సరిగా పెట్టకపోతే ఆ ప్రమాదం ఎక్కువ. నేపియర్ లాంటి గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి. అవి మేతలోని కాల్షియాన్ని గుర్రం ఒంటికి పట్టకుండా చేస్తాయి. తవుడులో భాస్వరం ఎక్కువ, అదీ కాల్షియాన్ని దెబ్బతీస్తుంది. ఈ రెండూ కలిపి నెలల తరబడి పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియాన్నే కరిగించుకుని, చివరికి దవడ ఎముకలు ఉబ్బి, కాళ్లు కుంటే స్థితికి వస్తుంది. మన పాడిరైతుకు ప్రాణమైన ఆ రెండు మేతలే గుర్రానికి ఇంత కీడు చేస్తాయని నేను కలలో కూడా అనుకోలేదు.

మరి ఏం పెట్టాలి? గరిక గడ్డి కోసి ఎండబెట్టి పెట్టాలి. రెండు వందల కిలోల పోనీకి రోజుకు నాలుగు కిలోల ఎండుమేత, కొంచెం కొంచెంగా రోజంతా. నానబెట్టి ఉడికించిన ఉలవలు అర కిలో, చిటికెడు ఉప్పు, ఇరవై లీటర్లకు తక్కువ కాకుండా మంచినీళ్లు. మా అమ్మ ఇది విని, మీ తాత కూడా ఉలవల కుండ పొయ్యి దించకుండా ఇంట్లో వంట మొదలుపెట్టనిచ్చేవాడు కాదని చెప్పింది. ఎండబెట్టిన గరిక మన దగ్గర అంగట్లో దొరికే సరుకు కాదు, కూలి పెట్టి కోయించుకోవాలి. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కించాలి. ఎడ్లకు నాడాలు కొట్టే వాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నారు, నేను చీపురుపల్లి వైపు ఒక పెద్దాయనను పట్టుకుని అడిగితే ఆయన నిజాయితీగా చేతులెత్తేశాడు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, గుర్రం డెక్క ఒకే గుండ్రం, మేకు ఒక్క నూలు లోపలికి దిగినా కుంటిదైపోవచ్చని చెప్పి, విశాఖ నుంచి మనిషిని రప్పించుకోమన్నాడు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మేతకు నెలకు 5 వేలు, పొద్దున సాయంత్రం చూసుకునే మనిషికి 9 వేలు, డెక్కలకు వెయ్యి, ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, వైద్యుడి ఖర్చు కలిపి మరో వెయ్యి. మొత్తం 16 వేలు. సంతలో నేను బేరమాడి వదిలేసిన పోనీ ధర నాలుగు నెలల మేపుబడికి కూడా చాలదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే మనసుకు తట్టింది. మా అమ్మాయి మూడేళ్లలో ఎదిగిపోతుంది, ఆ పోనీకి బరువవుతుంది. పిల్లలు చాలామంది స్వారీ చేసే చోట ఒక పోనీ ఒక ఇంటి నుంచి మరో ఇంటికి, ఒక పిల్ల నుంచి మరో పిల్లకు వెళుతూ ఇరవై ఏళ్లు హాయిగా బతుకుతుంది. పోనీలు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు కూడా బతుకుతాయి. మన దగ్గర ఆ తరువాతి ఇల్లు లేదు. ఎదిగిన పిల్ల దిగిపోయాక ఆ జంతువు ఏ పెళ్లి ఊరేగింపుకో, ఏ బండికో పోవలసిందే. కొనేవాళ్లు లేరు కాబట్టి పెంచేవాళ్లు లేరు, పెంచేవాళ్లు లేరు కాబట్టి కొనాలన్నవాళ్లకు దొరకదు. దీన్ని ఒక కుటుంబం ఒంటరిగా తెంచలేదని, పది కుటుంబాలు కలిసి ఒకటి రెండు మంచి పోనీలను పంచుకుంటే మాత్రం తెగుతుందని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

చివరికి దొరికింది నేను వెతికిన చోట్ల కాదు. 2025 మే నెలలో విశాఖ శిక్షకుడే ఫోను చేసి, భోగాపురం దగ్గర సరుగుడు తోటలున్న ఒక కుటుంబం ఎనిమిదేళ్ల కిందట తమ అబ్బాయి కోసం పోనీని తెచ్చుకుందని, ఆ అబ్బాయి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడని, గుర్రం ఊరికే ఉందని చెప్పాడు. వెళ్లి చూశాను. గోధుమరంగు, విత్తనాలు తీయించిన మగది, జూలు తెల్లబడుతోంది. మా బంధువుల అబ్బాయి ఈసారి పై పెదవిని ఎత్తి చూపించాడు. పై వరస చివరి పంటి మీద చిగురు దగ్గర మొదలై గోధుమరంగు గాడి ఒకటి కిందికి దిగుతోంది. ఆ గాడి పదేళ్లకు కనిపించడం మొదలుపెట్టి, పదిహేనుకు సగం పంటికి, ఇరవైకి పూర్తిగా దిగుతుందట. ఇది సగం దాటి కొంచెం కిందికి వచ్చింది. ఇంటివాళ్లు పదిహేడేళ్లని చెప్పారు, పన్నూ అదే చెప్పింది. తరువాత నా టేపు బయటకు తీశాను: మూపు దగ్గర 122 సెంటీమీటర్లు, ఛాతీ చుట్టు 140, పొడవు 125. బరువు 206 కిలోలు. మా అమ్మాయి 26 కిలోలు, జీను 6. గట్టినేల మీద తాడు పట్టి ట్రాట్, అంటే చిన్న పరుగు, తీయించి చూశాం, నాలుగు కాళ్ల చప్పుడూ ఒకే తీరుగా వచ్చింది. రక్తపరీక్ష చేయించాం. మా పిల్ల ఎక్కింది. రికాబులు సాధారణంగా బిగించినా పాదాలు అందాయి, మడమలు కిందికి వాలాయి. ఒకచోట పట్టు తప్పి మెడ మీదికి జారితే, ఆ గుర్రం ఆగి, తల దించకుండా, పిల్ల సర్దుకుని కూర్చునే దాకా కదలకుండా నిలబడింది. అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊరుకోవడం కోసమే నేను ఏడాది తిరిగాను.

ఆ ఇంటివాళ్లు దాన్ని అమ్మేది లేదన్నారు. అమ్మితే ఎక్కడికి పోతుందోనన్న దిగులు వాళ్లకు ఉంది, కొంటే ఎక్కడ పెట్టాలన్న దిగులు నాకు ఉంది. కాబట్టి వాళ్ల తోటలోనే, వాళ్ల మనిషి చేతుల మీదనే ఉంచి, నెల ఖర్చులో సగం మేము భరించేటట్టు మాట్లాడుకున్నాం. దానికి నెలకు 7 వేలు. వారానికి మూడు రోజులు మా అమ్మాయికి. ఈ మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాం, ఆ కాగితం నోటిమాట కంటే ఎంతో మేలు చేసింది: వైద్యుడిని ఎవరు పిలవాలి, పెద్ద చికిత్స వస్తే ఎవరెంత పెట్టాలి, పిల్ల పడి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, ఎండాకాలంలో ఎన్ని గంటల తరువాత ఎక్కకూడదు, మా అమ్మాయి బరువు ఎంతకు చేరితే దిగిపోవాలి. జీను, పట్టీలతో కలిపి 40 కిలోలు దాటకూడదని రాసుకున్నాం. హెల్మెట్‌కు 4,500 పెట్టాను, అది మాత్రం కొత్తదే కొనాలి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా లోపల పనికిరాదు. విశాఖ శిక్షకుడు నెలకు రెండుసార్లు భోగాపురం వస్తున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు మేము రైలెక్కడం లేదు. స్కూటరు మీద తెల్లారేసరికి తోటకు చేరతాం. మా అమ్మాయి ముందుగా నాలుగు డెక్కలూ ఎత్తి, ఇనుప కొక్కెంతో మట్టి, ఇసుక తీసి, తరువాతే జీను వేస్తుంది. మా అమ్మ పంపిన ఉలవల డబ్బాను ఎక్కి దిగాకే విప్పుతుంది. జూలైలో బిగించిన రికాబు పట్టీ ఈమధ్యే ఒక రంధ్రం కిందికి దిగింది. మా కాగితం చివర ఖాళీగా ఉంచిన వరసలో, గత వారం, మా కళాశాలలో నాతో పనిచేసే ఒకరి ఆరేళ్ల అబ్బాయి పేరు రాశాం. అతను ఇంకా ఎక్కడం లేదు. తొట్టి పట్టుకుని నిలబడతాడు, గుర్రం ముక్కు నీళ్లలో మునిగినప్పుడల్లా వెనక్కి రెండడుగులు వేసి, మళ్లీ ముందుకు వస్తాడు.